పిన్యావ్ రైల్వే స్టేషన్: 1880 నాటి కట్టడం, 1937 నాటి ముఖం

పోర్చుగల్ ఉత్తర భాగంలో, డోరో నది కుడి ఒడ్డున పిన్యావ్ అనే చిన్న ఊరుంది. ఆ ఊరి రైల్వే స్టేషన్ ఫొటోలు ట్రావెల్ పేజీల్లో తరచూ కనిపిస్తుంటాయి. తెల్లటి గోడలు, వాటి మీద నీలిరంగు టైల్స్‌తో కూర్చిన పెద్ద పెద్ద బొమ్మలు, ముందు పట్టాలు, చుట్టూ కొండల మీద మెట్లు మెట్లుగా ద్రాక్షతోటలు. ఆ ఫొటోలు చూసినవాళ్లు స్టేషన్, టైల్స్ ఒకేసారి పుట్టాయని, రెండూ పందొమ్మిదో శతాబ్దానివేనని అనుకోవడం మామూలే. స్టేషన్ పందొమ్మిదో శతాబ్దానిదే. టైల్స్ మాత్రం కావు. రెండింటికీ మధ్య 57 ఏళ్ల తేడా ఉంది. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలిస్తే, ఒక పల్లెటూరి స్టేషన్‌కు ఇంత అలంకారం ఎందుకు దక్కిందో కూడా అర్థమవుతుంది.

క్లుప్తంగా

పిన్యావ్ స్టేషన్ 1880 జూన్ 1న మొదలైంది. మనుషుల కంటే పోర్ట్ వైన్ (ద్రాక్ష సారా కలిపిన తీపి వైన్) పీపాలే దాని అసలు ప్రయాణికులు. ఇప్పుడు అందరూ ఫొటోలు తీసుకునే 24 టైల్ ప్యానెళ్లు 1937లో అతికించినవి. అప్పటికి రైలు మార్గం నిర్వహణ చేతులు మారింది, దేశంలో పాలన మారింది, రోడ్ల మీద లారీలు, బస్సులు పోటీకి వచ్చాయి. తర్వాతి దశాబ్దాల్లో సరుకు పోయింది, సరిహద్దు దాటే దారి మూసుకుపోయింది. చివరకు ప్రకటన కోసం వేసిన బొమ్మలే స్టేషన్‌కు ఆదరువు అయ్యాయి.

రైలు రాకముందు నదే దారి

పోర్ట్ వైన్ వ్యాపారంలో ఒక విచిత్రం ఉంది. ద్రాక్ష పండేది, వైన్ తయారయ్యేది డోరో లోయ పైభాగంలో. దాన్ని పీపాల్లో నిల్వచేసి, ఏళ్ల తరబడి పక్వం చేసి, ఓడలకెక్కించేది మాత్రం సముద్రానికి దగ్గరగా, పోర్టో నగరానికి ఎదురొడ్డున ఉన్న విలా నోవా ద గాయాలో. కారణం వాతావరణమే. లోయ పైభాగంలో వేసవి ఎండలు మండిపోతాయి. నిదానంగా పక్వం కావలసిన వైన్‌కు ఆ వేడి పడదు. గాయాలో సముద్రపు చల్లదనం, తేమ రెండూ ఉంటాయి. ఇలా తోట ఒకచోట, గోదాము వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఇంకోచోట ఏర్పడ్డాయి.

ఈ ఏర్పాటుకు ప్రభుత్వ ముద్ర కూడా పాతదే. 1756లో అప్పటి ప్రధాన మంత్రి మార్క్విస్ ద పోంబల్ లోయలో ఏ భాగపు వైన్‌ను పోర్ట్‌గా ఎగుమతి చేయవచ్చో నిర్ణయించి హద్దులు గీయించాడు. ఆ హద్దుల మీద గ్రానైట్ స్తంభాలు పాతారు. ప్రపంచంలో ఇలా చట్టంతో హద్దులు గీసిన తొలి వైన్ ప్రాంతాల్లో డోరో ఒకటి. పిన్యావ్ ఆ ప్రాంతానికి నడిమధ్యన, పిన్యావ్ అనే ఉపనది వచ్చి డోరోలో కలిసేచోట ఉంది.

అప్పట్లో పీపాలు రబేలో అనే పడవల మీద దిగేవి. అడుగు చదునుగా, ఒకే పెద్ద చతురస్రపు తెరచాపతో, వెనక చుక్కానికి బదులు పొడవాటి తెడ్డుతో ఉండే పడవ అది. తెడ్డు పట్టినవాడు పీపాల వరుస మీదుగా ముందుకు చూడగలిగేలా ఎత్తయిన మంచె మీద నిలబడతాడు. ఒక్కో పీపాలో సుమారు 550 లీటర్లు పడుతుంది. దిగువకు ప్రవాహమే తీసుకెళ్లేది. ఎగువకు రావాలంటే పడమటి గాలి కావాలి. గాలి లేకపోతే ఒడ్డు మీద ఎడ్లను కట్టి తాడుతో లాగించాలి.

ఇదంతా ఫొటోలకు బావుంటుంది కానీ వ్యాపారానికి పెద్ద టెన్షన్. ఇప్పుడు చెరువులా నిశ్చలంగా కనిపించే డోరో, ఆనకట్టలు కట్టకముందు రాళ్లతో, సుడులతో ఉరికే నది. వేసవిలో నీళ్లు చాలవు, చలికాలంలో వరద. పిన్యావ్‌కు ఎగువన ఉన్న వలేరా దగ్గర నదికి అడ్డుపడ్డ రాతిని పేల్చి దారి చేయడానికి 1780 నుంచి 1792 దాకా పట్టింది. ఆ తర్వాత కూడా అక్కడ ప్రమాదాలు ఆగలేదు. లోయ మ్యాపులను గీసిన ప్రఖ్యాత వైన్ వ్యాపారి జోసెఫ్ జేమ్స్ ఫారెస్టర్ 1861లో పడవ బోల్తాపడి మునిగిపోయింది ఆ వలేరా దగ్గరే. ఒక పంట మొత్తం ఇలాంటి నది దయ మీద ఆధారపడి ఉన్నప్పుడు, అదే ఒడ్డు వెంట రైలు వేయాలన్న ఆలోచన రావడంలో ఆశ్చర్యమేమీ లేదు.

పట్టాలు ఏడేళ్లకు చేరాయి

పోర్చుగల్‌లో మొదటి రైలు 1856 అక్టోబరు 28న లిస్బన్ నుంచి కరెగాదు దాకా నడిచింది. మన దగ్గర బొంబాయి–ఠాణే రైలు నడిచిన మూడేళ్లకన్నమాట. ఉత్తరాది కొండల్లోకి పట్టాలు రావడానికి ఇంకా చాలాకాలం పట్టింది. అక్కడ లైను వేయడం ఖరీదైన పని కాబట్టి డోరో మార్గాన్ని ప్రభుత్వమే భుజాన వేసుకుంది. 1873లో పని మొదలైంది. 1875లో పెనాఫియల్, 1879 జులైలో రేగ్వ, 1880 ఏప్రిల్‌లో ఫెరావ్, ఆ జూన్ 1న పిన్యావ్.

ఆ తర్వాత మూడేళ్లకు పైగా పట్టాలు పిన్యావ్ దగ్గరే ఆగిపోయాయి. తర్వాతి ముక్క, పిన్యావ్ నుంచి తువా దాకా, 1883 సెప్టెంబరులో గానీ తెరుచుకోలేదు. ఊరి ఎదుగుదలలో ఈ విరామాన్ని తక్కువగా చూడకూడదు. ఏ లైనుకైనా చివరి స్టేషన్‌గా ఉన్న ఊరికి మిగతా ఊళ్లకు లేని లాభం ఉంటుంది. ఎగువ ప్రాంతాల సరుకంతా అక్కడికే రావాలి, అక్కడే దిగాలి, అక్కడే వ్యాగన్లకెక్కాలి. పిన్యావ్ ఉపనది లోయ గుండా అలిజో, ఫవాయిస్, సబ్రోజా వైపు నుంచి దిగే బండ్లన్నింటికీ సహజమైన గమ్యం ఈ నదుల కూడలే. కొండలు నిటారుగా నదిలోకి దిగే ఆ లోయలో, స్టేషన్‌కు, సైడింగులకు సరిపడా చదును నేల దొరకడమే గొప్ప. పిన్యావ్‌లో అది కొంచెం దొరికింది.

అదే కాలంలో ద్రాక్షతోటల పరిస్థితి అస్సలు బాగాలేదు. తీగల వేళ్లను తినే ఫిలోక్సెరా అనే పురుగు 1860లలో డోరోలోకి వచ్చి, తర్వాతి ఇరవై ఏళ్లలో తోటలకు తోటలను ఎండగొట్టింది. అంటే రైలు వచ్చింది వ్యాపారం వెలిగిపోతున్నప్పుడు కాదు, కుంగిపోయినప్పుడు. అమెరికా తీగల వేళ్ల మీద పాత రకాలను అంటుకట్టి తోటలను మళ్లీ వేసుకున్నారు. అలా కొత్తగా లేచిన తోటల పంట మొదటి నుంచే రైలుకు అలవాటు పడింది.

లైను 1887 డిసెంబరులో స్పెయిన్ సరిహద్దు దగ్గరి బార్కా డాల్వా చేరింది. పోర్టో నుంచి మొత్తం 200 కిలోమీటర్లు. అందులో పిన్యావ్ సుమారు 127వ కిలోమీటరు దగ్గర వస్తుంది.

గేజ్ గురించి ఒక్కమాట. పోర్చుగల్, స్పెయిన్‌లలో రెండు పట్టాల మధ్య దూరం, అంటే గేజ్, 1,668 మిల్లీమీటర్లు. మన బ్రాడ్ గేజ్ 1,676. తేడా 8 మిల్లీమీటర్లే. ఫొటోల్లో పిన్యావ్ పట్టాలు మనకు పరాయివిగా అనిపించకపోవడానికి ఇదో కారణం కావచ్చు. ఐరోపాలో ఎక్కువ భాగం 1,435 మిల్లీమీటర్ల గేజ్. కాబట్టి ఆ రెండు దేశాల రైలు పెట్టెలు చాలాకాలం ఫ్రాన్స్ సరిహద్దులోని పిరెనీస్ కొండలు దాటి నేరుగా పోలేకపోయాయి. విశేషమేమిటంటే, ఆ దశాబ్దంలోనే గోవాలో పోర్చుగీసు వలస ప్రభుత్వం అనుమతితో మార్మగోవా రేవు నుంచి వేసిన లైను మాత్రం మీటర్ గేజ్. బళ్లారి, గుంతకల్ వైపు నుంచి వచ్చే మీటర్ గేజ్ లైనుతో అది కలవాలి కదా. సొంతదేశంలో పొరుగువాడి గేజ్, వలసలోనూ పొరుగువాడి గేజ్. సరుకు ఎటు పోవాలో దాన్ని బట్టే గేజ్ నిర్ణయమైంది.

కట్టడంలో సరుకుదే మొదటి స్థానం

పోర్చుగల్ గ్రామీణ స్టేషన్లలో పందొమ్మిదో శతాబ్దపు చివరి భాగంలో కట్టినవన్నీ దాదాపు ఒకే కుటుంబానికి చెందినట్టుంటాయి. పట్టాలకు సమాంతరంగా పొడవాటి దీర్ఘచతురస్రం. సున్నం పూసిన తెల్ల గోడలు, మూలల్లో, తలుపుల చుట్టూ చెక్కిన రాయి, పైన ఎర్ర పెంకులు. ఒకే కొలతలో వరుసగా తలుపులు. ఏ తలుపులోంచి చూసినా ప్లాట్‌ఫాం కనిపిస్తుంది. కింద టికెట్ కౌంటర్, వెయిటింగ్ హాలు, సామాన్ల గది. మేడ ఉంటే అది స్టేషన్ మాస్టర్ కుటుంబానికి. కొంచెం దూరంగా గూడ్స్ షెడ్, నీళ్ల ట్యాంకు. ఈ నమూనాలో ఆర్కిటెక్ట్ పేరు వెతకడం అనవసరం. ప్రభుత్వ ఇంజనీర్లు ఒక ప్లాన్ గీసి, ఊరి స్థాయిని బట్టి దాన్ని సాగదీయడమో కుదించడమో చేసేవాళ్లు. మన దగ్గర పాత మద్రాస్ రైల్వే, నిజాం రైల్వే కాలపు చిన్న స్టేషన్లు చూసినవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు.

పిన్యావ్ కూడా ఆ కుటుంబంలోదే. టైల్స్ తీసేసి చూస్తే లైను మీద మిగతా స్టేషన్లకూ దీనికీ పెద్ద తేడా కనిపించదు. తేడా ఉన్నదల్లా యార్డులో. ఊరు చిన్నదే అయినా సరుకు ఎక్కువ. స్టేషన్ చుట్టుపక్కల పోర్ట్ వ్యాపారపు పెద్ద ఎస్టేట్లున్నాయి. బోంఫిం ఎస్టేట్ స్టేషన్‌కు దాదాపు ఆనుకునే ఉంటుంది. రొయేదా కొంచెం ఎగువన, నొవాల్ కొండ మీద.

సరుకు ఎలా కదిలేదో చూస్తే స్టేషన్ ఎందుకు అలా ఉందో తెలుస్తుంది. పోర్ట్ వైన్ పులుస్తుండగా మధ్యలో ద్రాక్ష సారా కలిపి పులియడాన్ని ఆపేస్తారు. అందుకే అందులో తీపి మిగులుతుంది. కలిపే సారా తుది పరిమాణంలో దాదాపు అయిదో వంతు ఉంటుంది. కాబట్టి ఏటా కోత సమయానికి ఎగువకు ఖాళీ పీపాలు, సారా రావాలి. తర్వాతి వసంతంలో నిండు పీపాలు దిగువకు పోవాలి. ఈ రెండు ప్రవాహాలకూ రైలు సరిగ్గా సరిపోయింది. గూడ్స్ ప్లాట్‌ఫాం ఎత్తు వ్యాగన్ నేలతో సమానంగా ఉంటే, అరటన్ను పైచిలుకు బరువుండే నిండు పీపాను ఎత్తాల్సిన పని లేదు, దొర్లిస్తే చాలు. పడవలోకి అదే పీపాను దింపాలంటే ఏటవాలు ఒడ్డు, తడి పలకలు, నది మట్టం రోజుకో తీరు.

రైలుకు చట్టం కూడా తోడైంది. 1926లో పోర్ట్ వైన్ ఎగుమతి గాయా గోదాముల నుంచే జరగాలని నిబంధన పెట్టారు. 1986 దాకా అది చలామణిలో ఉంది. అంటే అరవై ఏళ్లపాటు, లోయలో తయారైన ఎగుమతి పోర్ట్ ఏదైనా తప్పనిసరిగా గాయా చేరాల్సిందే. గమ్యం ఒకటే, సరుకు ఏటా ఖాయం. ఏ రైల్వేకైనా ఇంతకంటే ఏం కావాలి?

అయినా రబేలో పడవలు రాత్రికి రాత్రి మాయం కాలేదు. నది ఒడ్డునే ఉండి, స్టేషన్‌కు దూరమైన ఎస్టేట్లకు పడవే సులువు. చివరి సరుకు పడవలు 1960ల దాకా తిరిగాయి.

1937: గోడలకు బొమ్మలు ఎందుకు?

ఇక టైల్స్ సంగతి. 1927లో ప్రభుత్వం తన మిన్యు, డోరో లైన్లను లీజు మీద పోర్చుగీస్ రైల్వే కంపెనీకి అప్పగించింది. కంపెనీ చేతికొచ్చింది పాతబడ్డ లైను, ఎదురొచ్చింది కొత్త పోటీ. బస్సులు, లారీలు దగ్గరి దూరాల ట్రాఫిక్‌ను తన్నుకుపోతున్న రోజులవి. ప్రయాణికులను ఆకర్షించాలంటే లోయ అందాన్ని అమ్మాలి.

మరోవైపు దేశంలో సలజార్ నియంతృత్వం స్థిరపడింది. 1933లో కొత్త రాజ్యాంగం, అదే ఏడు జాతీయ ప్రచార శాఖ. పల్లె, పంట, పనిపాట, జానపద వేషం — వీటిని 'నిజమైన పోర్చుగల్'గా చూపించడం ఆ పాలనకు ఇష్టమైన పని. 1938లో 'అన్నిటికంటే పోర్చుగీసు ఊరు' అంటూ పోటీ పెట్టారు. 1940లలో పూలమొక్కలతో ముస్తాబైన స్టేషన్లకు బహుమతులిచ్చారు. వైన్ రంగంలో కూడా 1932లో రైతుల సంఘంగా కాసా దు డోరో, 1933లో పోర్ట్ వైన్ ఇన్‌స్టిట్యూట్ ఏర్పడి, ఉత్పత్తిని, ధరను, పేరును కట్టుదిట్టం చేశాయి. పిన్యావ్ గోడల మీద బొమ్మలు వచ్చింది ఈ వాతావరణంలో.

అవేరు పట్టణంలోని అలెలూయా ఫ్యాక్టరీ టైల్స్ తయారుచేసింది. జె. ఒలివేరా అనే చిత్రకారుడు బొమ్మలు గీశాడు. 24 ప్యానెళ్లు స్టేషన్ గోడల మీద తలుపులకూ కిటికీలకూ నడుమ సరిపోయేలా కూర్చారు. బొమ్మల్లో లోయ దృశ్యాలు, ద్రాక్షకోత, గంపలు మోసుకుంటూ దిగే మనుషులు, పీపాలు నింపుకున్న రబేలో పడవ.

ఒక సంగతి గమనించదగ్గది. రైలు కంపెనీ తన సొంత గోడ మీద, రైలు యాభై ఏళ్లుగా పోటీపడి వెనక్కి నెట్టిన పడవను గౌరవంగా చిత్రించుకుంది. పోటీ దాదాపు ముగిశాక ఓడినదాన్ని జ్ఞాపకంగా వాడుకోవడం ఖర్చులేని పని. బొమ్మల్లోని కోత కూలీలు కూడా అలాగే కనిపిస్తారు: వరుసగా, క్రమశిక్షణగా, అలసట లేకుండా. అసలు పని వేరు. ద్రాక్ష నింపిన ఎత్తయిన గంప యాభై కిలోలకు తక్కువుండదు. దాన్ని మెడ వెనక ఆనించుకుని, ఒక చేత్తో కొక్కెం పట్టి అదుపుచేసుకుంటూ, నిటారు రాతిమెట్ల మీదుగా దిగాలి. కోతకు కొండ ఊళ్ల నుంచి గుంపులు గుంపులుగా వలస కూలీలు వచ్చేవారు. గోడ మీది నీలం ఆ చెమటను చూపించదు. ప్రకటన పని అదే కాబట్టి దాన్ని తప్పుపట్టడం కంటే, దాన్ని డాక్యుమెంటరీగా పొరబడకుండా చూడటం మేలు.

టైల్ బొమ్మ ఎలా తయారవుతుంది?

పోర్చుగల్‌లో గోడల మీది బొమ్మల టైల్స్‌ను అజులేజు అంటారు. ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం పాలకులైన మూరుల కాలం నుంచి ఐబీరియాలో, అంటే స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతంలో ఉన్న పని ఇది. నీలం–తెలుపు బొమ్మల మోజు మాత్రం పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దాల్లో, చైనా పింగాణీ, డచ్చి టైల్స్ చూసి మొదలైంది. మొదట చర్చిలు, మఠాలు, పెద్ద ఇళ్లు. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్యాక్టరీలు వచ్చాక మామూలు ఇళ్ల వీధి గోడలకూ దిగింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రైల్వే వాళ్లు పట్టుకున్నారు.

పద్ధతి ఇది. మట్టిని చదరపు పలకలుగా చేసి ఒకసారి కాలుస్తారు. సంప్రదాయ పలక కొలత 14 సెంటీమీటర్లు. చదరపు మీటరుకు యాభై పైచిలుకు పడతాయి. కాలిన పలక మీద తగరం కలిసిన తెల్లటి గ్లేజు పూత పోస్తారు. ఆరాక అది సుద్దపొడిలా ఉంటుంది. పలకలన్నీ ప్యానెల్ ఆకారంలో పేర్చి, బొమ్మ గీతల వెంట సూదితో రంధ్రాలు పొడిచిన కాగితాన్ని పరిచి, బొగ్గుపొడి సంచితో తడతారు. మన ముగ్గుల డబ్బాల పద్ధతే. చుక్కలుగా పడిన రూపురేఖల మీద చిత్రకారుడు కోబాల్ట్ రంగుతో గీస్తాడు. పొడి గ్లేజు రంగును వెంటనే పీల్చేస్తుంది కాబట్టి తుడిచి మళ్లీ గీసే వీలు లేదు. పైగా కుంచె పట్టినప్పుడు కోబాల్ట్ మసక రంగులో ఉంటుంది. అసలు నీలం ఎలా తేలుతుందో రెండోసారి కాల్చి కొలిమి తెరిచాకే తెలుస్తుంది.

ప్యానెల్‌ను దగ్గర నుంచి చూస్తే ఈ పని తీరు బయటపడుతుంది. దూరం నుంచి ఒకే ముక్కలా కనిపించే కొండ, అడుగు దూరంలో నీళ్లలాంటి పలచని నీలం, దాని మీద రెండు మూడు ముదురు గీతలు మాత్రమే. పలకల అతుకులు మనుషుల ముఖాల మీదుగా, పడవ తెరచాప మీదుగా నిలువుగా అడ్డంగా పోతుంటాయి. ఇలాంటి గోడల్లో ఎక్కడైనా ఒక పలక పగిలి మార్చితే, కొత్తదాని నీలం ఒక పిసరు అటో ఇటో తేడాగా ఉండి కంటికి తగులుతుంది. ఒకే రంగు మిశ్రమం అయినా, కొలిమిలో వేడి మారితే నీలం మారుతుంది.

రైల్వేకు ఇందులో కళ కంటే లాభం వేరే ఉంది. ఫ్యాక్టరీలో తయారై, వెనక నంబర్లు వేసుకుని, పెట్టెల్లో వచ్చిన పలకలను స్టేషన్‌లో మేస్త్రీ వరుస ప్రకారం అతికిస్తే సరి. ఆవిరి ఇంజన్ల పొగ, మసి సున్నపు గోడకు పడితే ఏటా వెల్ల వేయాలి. గ్లేజు మీద పడితే తడిగుడ్డతో తుడిస్తే పోతుంది. ఎండకు వెలిసిపోదు. 1937లో అతికించిన బొమ్మలు ఈ రోజు కూడా నిన్న కొలిమి దిగినట్టు మెరుస్తున్నాయంటే కారణం ఈ గాజుపొరే.

పోర్టో పెద్ద స్టేషన్‌తో పోలిక

టైల్స్ స్టేషన్ అనగానే ఎక్కువమందికి గుర్తొచ్చేది పోర్టో నగరంలోని సావ్ బెంతు. డోరో లైను రైళ్లు చాలావరకు బయల్దేరేది అక్కడి నుంచే కాబట్టి పర్యాటకులు రెండింటినీ ఒకే రోజు చూస్తారు, ఒకే గాటన కడతారు. నిజానికి రెండింటి తర్కం వేరు.

సావ్ బెంతును ఆర్కిటెక్ట్ మార్కెస్ ద సిల్వా రూపొందించాడు. హాలులోని దాదాపు ఇరవై వేల టైల్స్‌ను జోర్జ్ కొలాసు చిత్రించాడు. 1916లో ప్రారంభమైంది. అక్కడ బొమ్మలు లోపలి హాలులో, భవనం ఆలోచనలో భాగంగా ఉంటాయి. రాజులు, యుద్ధాలు, చరిత్ర ఘట్టాలు. ప్రయాణికుడు తలెత్తి చూడాలి. పిన్యావ్‌లో బొమ్మలు బయటి గోడల మీద, కంటి ఎత్తుకు దగ్గరగా ఉంటాయి. విషయం చరిత్ర కాదు, ఆ చుట్టుపక్కల కనిపించేదే. తలతిప్పితే అదే కొండ, అదే తోట. రైలు ఆగిన కొద్ది నిమిషాల్లో కిటికీలోంచి చూసేవాడికి ఊరేమిటో, అక్కడ ఏం పండుతుందో చెప్పేయాలి. ఒక రకంగా నిలువెత్తు సైన్‌బోర్డు.

అవేరు పాత స్టేషన్, స్పెయిన్ సరిహద్దులోని విలార్ ఫొర్మోసు స్టేషన్ కూడా ఇలా ప్రాంతపు దృశ్యాలను గోడలకెక్కించినవే. సరిహద్దు స్టేషన్లకు ఇంకో ఉద్దేశం ఉంది: దేశంలోకి అడుగుపెట్టే విదేశీయుడికి మొదటి పరిచయం. పిన్యావ్ సరిహద్దు కాదు. వైన్ వ్యాపారానికి ముఖద్వారం కావడమే దాని హోదా.

సరుకు జారిపోయిన తీరు

స్టేషన్ పతనం ఒక్కరోజులో జరగలేదు. మొదట లారీలు వచ్చాయి. పీపాల బదులు ట్యాంకర్లలో వైన్ నేరుగా గోదాముకు పోవడం మొదలయ్యాక స్టేషన్‌లో దింపి ఎక్కించే ఖర్చు అనవసరమైంది. పట్టాల పక్కనే ఉండటం అనే ఎస్టేట్ల సౌకర్యం విలువ తగ్గిపోయింది.

తర్వాత నది మారిపోయింది. 1972లో కరపతేలు, 1973లో రేగ్వ, 1976లో వలేరా, 1980లలో మిగతావి: వరుసగా ఆనకట్టలు కట్టి, లాకులు పెట్టారు. ఉరికే నది మెట్లు మెట్లుగా సరస్సుల వరుస అయింది. సరుకు పడవలకు అది ఆలస్యంగా వచ్చిన వరం. క్రూయిజ్ పడవలకు మాత్రం సమయానికే వచ్చింది. ఇప్పుడు పిన్యావ్ రేవులో ఆగే పడవల్లోంచి దిగేవాళ్లు, రైలు దిగేవాళ్లు కలిసి స్టేషన్ ముందు ఫొటోలు తీసుకుంటారు.

డోరో లైనుకు నీళ్లు తెచ్చే పిల్లకాలువల్లాంటి నేరో గేజ్ లైన్లు కూడా ఒక్కొక్కటే ఎండిపోయాయి. సాబోర్ లైను 1988లో, కోర్గు, తామెగ లైన్లు 2009లో ఆగాయి. తువా లైను వరుస ప్రమాదాల తర్వాత ఆగితే, దాని దిగువ భాగం కొత్త ఆనకట్ట నీళ్లలో మునిగిపోయింది.

సరిహద్దు అవతల ఏమైంది?

పిన్యావ్ గుండా పోయే లైను ఒకప్పుడు అంతర్జాతీయ మార్గం. పోర్టో రేవుకు స్పెయిన్ సరుకు రప్పించాలన్న ఆశతో 1880లలో పోర్టో బ్యాంకులు కొన్ని కలిసి సలమాంకా నుంచి సరిహద్దు దాకా లైన్లు వేయడానికి డబ్బు పెట్టాయి. బార్కా డాల్వా వైపు దిగే చివరి 17 కిలోమీటర్లలోనే 20 సొరంగాలు. ఖర్చు పెరిగింది, ఆశించిన ట్రాఫిక్ రాలేదు, బ్యాంకులు చిక్కుల్లో పడ్డాయి, ప్రభుత్వం ఆదుకోవాల్సి వచ్చింది. సరుకు విలార్ ఫొర్మోసు మీదుగా పోయే సులువైన మార్గాన్ని ఎంచుకుంది.

1985 జనవరిలో స్పెయిన్ తన వైపు మూసేసింది. అవతల దారి లేనప్పుడు ఇవతల నడపడం ఎందుకని 1988లో పోర్చుగల్ పుసిన్యు నుంచి బార్కా డాల్వా దాకా 28 కిలోమీటర్లు ఆపేసింది. పిన్యావ్‌లో ఆగే రైళ్లు ఇప్పుడు పుసిన్యు దగ్గరే తిరిగిపోతాయి.

ఇప్పటి పరిస్థితి, ఎదురుగా ఉన్నవి

2001లో ఆల్టో డోరో వైన్ ప్రాంతం యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. అక్కడి నుంచి పిన్యావ్ స్టేషన్ లెక్క పూర్తిగా మారింది. పోర్టో నుంచి రైల్లో సుమారు రెండున్నర గంటలు. రేగ్వ, పిన్యావ్‌ల మధ్య 23 కిలోమీటర్లు లైను నీటి అంచునే పోతుంది. ప్రధాన రోడ్డు అవతలి ఒడ్డున ఉండటంతో ఈ దృశ్యం రైలు ప్రయాణికుడికే సొంతం. వేసవి నుంచి శరదృతువు దాకా రేగ్వ–తువా మధ్య నడిచే హెరిటేజ్ రైలుకు 1925లో జర్మనీలో తయారైన 0186 నంబరు ఆవిరి ఇంజన్ కడతారు. పిన్యావ్‌లో అది ఆగినప్పుడు ప్లాట్‌ఫాం నిండిపోతుంది. మామూలు రైళ్లకు కూడా స్విట్జర్లాండ్‌లో తయారైన పాత షిండ్లర్ పెట్టెలను బాగుచేసి మళ్లీ కట్టారు. కారణం తమాషాగా ఉంటుంది: వాటి కిటికీలు తెరుచుకుంటాయి.

పర్యాటకుల సీజన్‌లో జనం, చలికాలంలో ఖాళీ పెట్టెలు. ఊరివాళ్లకు కావలసింది ఏడాది పొడవునా పొద్దున పోయి సాయంత్రం వచ్చే రైలు. లాభం తెచ్చేది మధ్యాహ్నం ఫొటోలకు వచ్చే రైలు. సింగిల్ లైను, క్రాసింగ్ పడే స్టేషన్లు తక్కువ కాబట్టి రెండూ ఒకే టైం టేబుల్‌లో ఇరికించడం కష్టం. పైగా వానాకాలంలో కొండల పలకరాయి జారి పట్టాల మీద పడితే సర్వీసులు ఆగుతాయి.

విద్యుదీకరణ నెమ్మదిగా ఎగువకు వస్తోంది. 2019లో మార్కు ద కనవేజెస్ దాకా తీగలు వచ్చాయి. తర్వాతి లక్ష్యం రేగ్వ. దాని ఎగువన, పిన్యావ్‌తో సహా, డీజిలే. యునెస్కో గుర్తించిన దృశ్యంలో స్తంభాలు, తీగలు నాటడం ఎలా అన్నది ముందు ముందు తేలాల్సిన చర్చ. విద్యుత్తు రేగ్వ దగ్గరే ఆగితే పిన్యావ్ ప్రయాణికుడు రైలు మారాలి, లేదా రెండు రకాల శక్తితో నడిచే రైళ్లు కొనాలి.

బార్కా డాల్వా దాకా లైను తిరిగి తెరవాలన్న డిమాండ్ కూడా ఆగలేదు. సంతకాల సేకరణ తర్వాత 2021లో పోర్చుగల్ పార్లమెంటు దాన్ని పునరుద్ధరించాలని సిఫారసు చేసింది. అది అమలైతే పిన్యావ్‌కు ఎగువన మరో 28 కిలోమీటర్ల కొండదారి, దాంతో మరికొన్ని రైళ్లు వస్తాయి. సరిహద్దు దాటి సలమాంకా పోయే రైలు మాత్రం ఇప్పట్లో కుదిరేలా లేదు. స్పెయిన్ వైపు ఆ 20 సొరంగాల 17 కిలోమీటర్ల ముక్కను అదే 2021లో టికెట్ పెట్టి నడకదారిగా తెరిచారు. కాబట్టి లైను మళ్లీ తెరిచినా పిన్యావ్ యార్డుకు స్పెయిన్ సరుకు రాదు. వచ్చేది మళ్లీ పర్యాటకులే.